అరచేతిలో సున్న

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిని ప్రాతఃకాలంలో పారాయణ చేయడం నాకు చాలా సంవత్సరాలుగా నియమం. బ్రహ్మానంద స్వరూపాన్ని ఉపదేశించవలసిన ఉపనిషత్తు తన మొదటి అధ్యాయాన్ని అక్షరపాఠంతో ఆరంభించడం నాబోటి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయునికి లోలోపల గర్వకారణం కూడా. శాంతిమంత్రం ముగియగానే వర్ణము, స్వరము, మాత్ర, బలము, సామము, సంతానము అని ఆరు విషయాలు వరుసగా వస్తాయి. ఏ అక్షరాన్ని ఏ స్వరంలో, ఎంతసేపు, ఎంత ప్రయత్నంతో, ఎట్టి సమతతో, ఏ కూర్పుతో పలకాలన్నదే అక్కడి విషయం. మూడవ తరగతి పిల్లలకు శ, ష, స లకు గల భేదం చెప్పడానికి నేను ప్రతి సంవత్సరం పడే పాటు అదే.

ఆ వల్లిలోనే తొమ్మిదవ అనువాకం ఋతం, సత్యం, తపస్సు, దమం, శమం, అతిథిసత్కారం మొదలైన ధర్మాలను ఒక్కొక్కటిగా పేర్కొంటూ ప్రతి ధర్మానికీ స్వాధ్యాయ ప్రవచనాలను జోడిస్తుంది. చివర ముగ్గురు ఋషుల అభిప్రాయభేదం కనిపిస్తుంది. సత్యమే ముఖ్యమని రాథీతరుడు అంటాడు. తపస్సే ముఖ్యమని పౌరుశిష్టి అంటాడు. స్వాధ్యాయ ప్రవచనాలే చాలునని, తపస్సంటే అవేనని నాక మౌద్గల్యుడు అంటాడు. నేను మొదటి నుండి మౌద్గల్యుని పక్షం. పిల్లలకు ఇచ్చే ఇంటిపనిని కూడా మనస్సులో స్వాధ్యాయమనే పేరుతోనే తలచేవాణ్ణి. బడిలో విన్నదానిని ఇంటివద్ద తనంతట తాను మరల మననం చేసుకోవడమే కదా ఇంటిపని! ఈ సమీకరణంలో ఒక లోపం ఉన్నదని ఒక గురువారం నాడు, ఎనిమిదేళ్ళ బాలిక వలన తెలిసింది. ఆనాటి సంగతి వ్రాయడానికి సంకోచిస్తూనే వ్రాస్తున్నాను, ఎందుకంటే అందులో తప్పు నాది.

మా బడి కర్నూలు జిల్లా పడమటి భాగంలో, ఆదోనికీ మంత్రాలయానికీ నడుమ ఉన్న ఒక పల్లెలో ఉంది. రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఐదు తరగతులు, బండలు పరచిన ఒక వరండా. తుంగభద్ర ఎంతో దూరం లేదు గాని, ఇక్కడి పొలాలకు ఆధారం ఆకాశమే. వానపైరు ఇంటికి వచ్చినా రాకున్నా, దీపావళి గడిచిన పిదప ఊరు సగం ఖాళీ అవుతుంది. మొదట పత్తి తీయడానికి, తరువాత మిరపకాయలు కోయడానికి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు వెళ్ళిపోతాయి. దీనిని ఇక్కడివారు సుగ్గికి పోవడం అంటారు. చంటిబిడ్డలను చంకనెత్తుకొని పోతారు, బడి ఈడు పిల్లలను కొందరు వెంట తీసుకొని పోతారు, కొందరు అవ్వల దగ్గర వదిలిపోతారు. ఆ నెలల్లో హాజరుపట్టీ తెరవాలంటే నాకు బెరుకుగా ఉంటుంది.

ఆనాటి సంగతికి ముందు మా తరగతిలోని ఒక ఆచారాన్ని గూర్చి చెప్పాలి. అది నేను కల్పించినది కాదు, రెండు వందల సంవత్సరాల క్రిందటిది.

మన్రో దొర పేరు వినని భక్తుడు ఈ ప్రాంతంలో ఉండడు. శ్రీ రాఘవేంద్రస్వామి బృందావనం ముందు నిలిచి ఆయన స్వామితో సంభాషించాడన్న కథ మంత్రాలయ మహిమలలో ఒకటిగా నిలిచిపోయింది. ఆ మన్రోయే మద్రాసు గవర్నరుగా ఉండగా, 1822లో, దేశీయ పాఠశాలల స్థితిని విచారించి తెలుపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన సమాధానం వాటిలో ప్రసిద్ధమైనది. ఆయన అంతకుముందే తెలుగు వ్యాకరణం వ్రాసిన మనిషి. ఆదోని తాలూకా 1953 వరకు బళ్ళారి జిల్లాలోనిదే గనుక ఆ నివేదిక పరాయి ఊళ్ళ ముచ్చట కాదు, మా తాతముత్తాతల బడుల ముచ్చట. ధరంపాల్ 1983లో వెలువరించిన గ్రంథంలో దానిని మొదటిసారి చదివినప్పుడు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. జిల్లా మొత్తం మీద 533 బడులు, వాటిలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. చదువుకొనేవారు 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది.

ఆనాటి బడి ఉదయం ఆరు గంటలకే ఆరంభమయ్యేది. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవచిహ్నంగా సరస్వతి నామం వ్రాసేవారు. రెండవవాని చేతిలో సున్న పెట్టేవారు. అతడు మెప్పుకు గాని, నిందకు గాని పాత్రుడు కాడని దాని భావం. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి ఒక్కొక్కటి ఎక్కువ. ఈ పద్ధతిలో దెబ్బలను విసర్జించి, నామాన్ని, సున్నను మాత్రం మా తరగతిలో ప్రవేశపెట్టాను. పిల్లలు నామానికి ఎగబడ్డారు. సున్నను మాత్రం ఎవరూ ఇష్టపడలేదు. నిందాస్తుతులను సమానంగా చూచేవాడు భగవంతునికి ప్రియుడని గీత పన్నెండవ అధ్యాయం చెబుతున్నది కదా, ఆ సున్నలో అంతటి అర్థం ఉన్నదని వివరించబోయాను. "సున్న అంటే సున్ననే కద సార్" అన్నాడు వెనుక వరుసలోని ఒకడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మార్గశిర మాసపు ఆ గురువారం ఉదయం బస్సు మంత్రాలయం వెళ్ళే భక్తులతో క్రిక్కిరిసి ఉన్నది. నిలబడే వచ్చాను. బడి చేరేసరికి మెట్ల మీద ఒక్కతే ఒక బాలిక కూర్చొని ఉన్నది. ఆమె సాధారణంగా అందరికంటె చివర వచ్చే పిల్ల. కొళాయి వద్ద బిందెలు నింపి, ఇల్లు ఊడ్చి, మేకలను విప్పి అవ్వకు అప్పగించి, ప్రార్థన సగమయ్యాక తడి చేతులతో వచ్చి వరుసలో నిలబడుతుంది. ఆనాడు ఆమెయే మొదట వచ్చింది. నాకు సంతోషం కలిగింది. నీలిసిరా కలంతో ఆమె అరచేతిలో సరస్వతి అని వ్రాశాను. స కింద వకార వత్తు దిగుతుండగా ఆమె ఊపిరి బిగబట్టి చూడడం గమనించాను గాని, దానికి కారణం విచారించలేదు.

ప్రార్థన అయింది. ఒకటి, రెండు తరగతుల పిల్లలను ఐదవ తరగతి పిల్లలకు అప్పగించాను. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పే పద్ధతిని క్యాంప్‌బెల్ తన నివేదికలో మెచ్చుకున్నాడు. మాకు అది పద్ధతి కాదు, గత్యంతరం లేకపోవడం. మూడవ తరగతివారితో ఏడవ ఎక్కం వల్లె వేయించాను. ఏడేళ్ళ దగ్గర ఎప్పటివలెనే కొందరు తడబడ్డారు. పిదప తెలుగు పుస్తకాలు తీయించి ఇంటిపని చూడడం మొదలుపెట్టాను.

సోమవారం నాడు ఇచ్చిన పని అది. మా ఇల్లు అనే శీర్షికతో ఐదు వాక్యాలు వ్రాయాలి. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఎవరు ఏ పని చేస్తారు, అంతే. మంగళవారానికి అందరూ వ్రాశారు, ఆ బాలిక వ్రాయలేదు. బుధవారం వ్రాయలేదు. గురువారం కూడా పుటపై శీర్షిక, దాని క్రింద గీత, ఆ తరువాత శూన్యం.

"ఏమ్మా, ఈరోజు కూడా రాయలేదా?"

తల వంచుకున్నది.

"మూడు రోజులైంది. ఐదు వాక్యాలు రాయడానికి ఎంతసేపు?"

మౌనం. ఆ మౌనం నాకు మొండితనంగా తోచింది. ఆనాడు ఉదయమే శమదమాలను స్వాధ్యాయ ప్రవచనాలతో కలిపి పారాయణ చేసిన నోరు నాది. ఆ నోటితోనే, ఇంటిపని చేయనివాళ్ళ చేతిలో సరస్వతి నిలవదని అన్నాను. ఆమె చెయ్యి పట్టుకొని, నల్లబల్ల తుడిచే తడిగుడ్డతో ఆ నామాన్ని తుడిచి, అక్కడ సున్న చుట్టాను.

కొట్టలేదు కదా అని ఎవరైనా అనవచ్చు. కొట్టలేదు. రెండవవానికి ఇచ్చిన సున్నకు నిందాస్తుతులు లేవని చెప్పినది నేనే. ఆ సున్నను నిందగా వాడినదీ నేనే. పిల్లల నవ్వు వినిపించలేదు. ఆనాడు వాళ్ళు నవ్వి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

మధ్యాహ్న భోజనం వేళ వంట చేసే ఆమె గరిటె పక్కన పెట్టి నా దగ్గరకు వచ్చింది. "ఆ పాప పొద్దున ఏడు గంటలకే వచ్చి మెట్ల మీద కూర్చోనుంది సార్. ఈపొద్దు రాత్రికి వాళ్ళమ్మ ఫోన్ చేస్తాదంట. పక్కింటోళ్ళ ఫోన్‌లో మొగాలు కనపడతాయి కద, చెయ్యి చూపిస్తానని నాతో చెప్పింది" అన్నది. నన్ను నిందించలేదు. చెప్పి, పప్పు వడ్డించడానికి వెళ్ళిపోయింది.

వరండా చివర ఆ బాలిక అన్నం కలుపుకుంటున్నది. దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను. ఏమి మాట్లాడాలో తోచక, ఇంటిపని ఎందుకు వ్రాయలేదని మరల అదే అడిగాను, ఈసారి మెల్లగా. ఆమె కొంతసేపు అన్నం వంకే చూచింది.

"ఇప్పుడు ఉండేవాళ్ళను రాయల్లా సార్, ఎప్పుడూ ఉండేవాళ్ళను రాయల్లా?"

మూడు రోజులుగా ఆ పుట శూన్యంగా ఉన్నది ఈ సందేహం వలన. ఇంట్లో ఎవరెవరు ఉన్నారని నేను అడిగాను. ఇప్పుడు ఉన్నది అవ్వ, తాను. తల్లి, తండ్రి, తమ్ముడు గుంటూరు పొలాల్లో ఉన్నారు. వాళ్ళను వ్రాస్తే అబద్ధం, వ్రాయకపోతే అంతకంటె పెద్ద అబద్ధం. తక్కిన పిల్లలు ఈ చిక్కును గమనించక వ్రాసేశారు. ఈమె గమనించింది కనుక ఆగిపోయింది. సత్యమే ప్రధానమన్న రాథీతరుని పక్షం మా తరగతిలో ఒకరు ఉన్నారని నాకు తెలియలేదు.

వేదాంతాభ్యాసం ఉన్నవారికి ఈ ప్రశ్న వినగానే నిత్యానిత్య వస్తువివేకం గుర్తుకు రావడం సహజం. సాధనచతుష్టయంలో మొదటి మెట్టు అదే కదా. నాకూ గుర్తుకు వచ్చింది, క్షణకాలం పులకరించాను కూడా. వెంటనే సిగ్గుపడ్డాను. పసిబిడ్డ తల్లికోసం పడే వేదనను తీసుకొని దానిని బ్రహ్మజిజ్ఞాసగా మార్చి మురిసిపోవడం మావంటివారికి వచ్చే ఒక రోగం. ఆమె అడిగినది నిత్యవస్తువును గూర్చి కాదు, వాళ్ళమ్మను గూర్చి. ఆమెకు కావలసినది వ్యాఖ్యానం కాదు, సమాధానం.

"రెండూ రాయమ్మా. ఎట్లుంటే అట్ల రాయి" అన్నాను. "చెయ్యి ఇటు పెట్టు, మళ్ళీ రాస్తాను."

ఆమె పిడికిలి ముడిచింది. "వద్దు సార్. రేపు మొదట వస్తా" అన్నది.

ఆ పిడికిలిలో కోపం లేదు. ఇవ్వవలసినప్పుడు ఇవ్వని దానిని జాలితో ఇస్తే తీసుకోనన్న మర్యాద మాత్రమే ఉన్నది. నేను లేచి వచ్చేశాను. మధ్యాహ్నం పాఠాలు ఎట్లా గడిచాయో సరిగా జ్ఞాపకం లేదు. పరిసరాల విజ్ఞానంలో నీటివనరులు చెప్పవలసిన రోజు, చెప్పే ఉంటాను.

సాయంత్రం బస్సును వదిలేసి ఆమె ఇంటికి వెళ్ళాను. మట్టిమిద్దె, ముందు వేపచెట్టు, చెట్టుకు రెండు మేకలు. అవ్వ నులకమంచం వాల్చి కూర్చోమన్నది.

"పాప బాగ సదువుతాదా సారూ?"

"బాగా చదువుతుందవ్వా. తప్పు నాదే జరిగింది ఈరోజు."

ఆమెకు ఆ మాట పట్టలేదు. ఆమె మనస్సు వేరొక చోట ఉన్నది. "నాకు కండ్లు మసకలు. రాత్రిపూట ఏమన్నా అయితే ఈ పిల్ల ఏం జేస్తాది? పండక్కి వాళ్ళ నాయనొస్తాడు. మళ్ళ పొయ్యేటప్పుడు దీన్ని గూడ తీసకపోతానంటాండాడు. చిన్నోన్ని చూసుకుంటాది, కాయలు గూడ కోస్తాది."

క్యాంప్‌బెల్ నివేదికలోని మరొక భాగం జ్ఞాపకానికి వచ్చింది. దేశం పేదదైపోయిందని, ఒకప్పుడు బడులున్న ఎన్నో పల్లెల్లో ఇప్పుడు లేవని, కాస్త పనికి పనికివచ్చే వయస్సు రాగానే బిడ్డల శ్రమ లేనిదే సామాన్య కుటుంబాలకు గడవని స్థితి వచ్చిందని ఆయన ప్రభుత్వానికి వ్రాశాడు. అప్పటి 60 మంది బాలికల ఇండ్లలో ఏ అవ్వ ఏ పంతులుతో ఏమని చెప్పిందో! వలస నెలల్లో పిల్లలు నిలిచి చదువుకోవడానికి ఈ ప్రాంతంలో సీజనల్ హాస్టళ్ళు నడుపుతున్నారని, సర్కారే తిండి పెడుతుందని, అక్కడ చేర్పిస్తే చదువు తెగదని అవ్వకు చెప్పాను. "ఆడపిల్ల సారూ" అన్నది. కొంత సేపటికి, "వాళ్ళ నాయనతో నువ్వే ఒక మాట జెప్పు. నా మాట యాడ ఇంటాడు" అన్నది. చెబుతానన్నాను. ఆయన ఊళ్ళో అడుగుపెట్టిన రోజే నాకు కబురు పంపమన్నాను.

ఇంటిలోపల దీపం కింద ఆ బాలిక బోర్లా పడుకొని వ్రాసుకుంటున్నది. పక్కింటి నుండి ఎవరో కేకవేశారు. పుస్తకం అక్కడే వదిలి పరుగెత్తింది. గోడకు ఆవల ఫోనులో తల్లి గొంతు నాకు సన్నగా వినిపించింది. ఈమె చేయి చూపించిందో లేదో నాకు తెలియదు. అన్నం తిని కడుక్కున్న చేతిలో సున్న కూడా మిగిలి ఉండదు. న క్షరతి అన్న వ్యుత్పత్తితో, నశించనిది గనుక అక్షరమని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో!

రాత్రి ఆదోని చేరిన తరువాత శీక్షావల్లి మరల తెరిచాను. మూడవ అనువాకంలో సంహితను ఉపాసించే విధం ఉన్నది. రెండు అక్షరాలు కలిసేటప్పుడు ముందున్నది పూర్వరూపం, వెనుక వచ్చేది ఉత్తరరూపం, కలిసే చోటు సంధి, కలిపేది సంధానం. గురుశిష్యులకు దీనిని అన్వయించి, ఆచార్యుడు పూర్వరూపమని, అంతేవాసి ఉత్తరరూపమని, విద్య సంధి అని, ప్రవచనం సంధానమని ఉపనిషత్తు చెబుతుంది. నేను ఏండ్ల తరబడి ఆగి ఆనందించే చోటు ఇదే. దీని తరువాతి వాక్యాన్ని మాత్రం ప్రతిదినం చదువుతూనే దాటిపోయాను. అక్కడ తల్లి పూర్వరూపం, తండ్రి ఉత్తరరూపం, బిడ్డ సంధి. పూర్వరూపమూ ఉత్తరరూపమూ గుంటూరు పొలాల్లో ఉండగా, సంధి ఒక్కటే మా ఊరి మట్టిమిద్దెలో నిలిచి ఉన్నది. అటువంటి సంధికి వ్యాకరణంలో చోటు లేదు.

అంతేవాసి అన్న పదం వద్ద కూడా ఆ రాత్రి ఆగాను. గురువు సమీపంలో నివసించేవాడని దాని అర్థం. గురుకులంలో ఉన్నవానికి ఇల్లూ బడీ ఒకటే. కనుక అతనికి విడిగా ఇంటిపని అంటూ లేదు. అతని స్వాధ్యాయానికి గురుపత్ని వండిన అన్నం, వెలిగించిన దీపం, తప్పు పలికితే దిద్దే కంఠం పక్కనే ఉన్నాయి. ఇవేవీ ఏర్పరచకుండా, స్వాధ్యాయమన్న పెద్దపేరును మాత్రం తెచ్చి ఎనిమిదేళ్ళ పిల్ల సంచిలో వేసి పంపాను.

మరునాడు మొదటి బస్సుకే బయలుదేరాను. బడి చేరేసరికి ఏడు కాలేదు, మంచు ఇంకా విడలేదు. ఆమె మెట్ల మీద కూర్చొని ఉన్నది. నన్ను చూచి లేచి, సంచిలోనుండి పుస్తకం తీసి ఇచ్చింది. శీర్షిక కింద గీత, గీత కింద ఐదు వాక్యాలు.

మా ఇంట్లో ఐదుమంది ఉంటాము. ఇప్పుడు ఇద్దరమే ఉన్నాము. అమ్మ నాయన పత్తి తీస్తారు. అవ్వ మేకలను కాస్తుంది. నేను ఇంటిపని చేస్తాను.

చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివాను. దిద్దవలసినది ఏమీ లేదు. ఆమె చెయ్యి చాచింది. కలం తీసి, తొందరపడకుండా, స కింద వత్తు సరిగా దిగేటట్లు వ్రాశాను. సిరా ఆరేవరకు ఆమె ఊదుకున్నది. తరువాత నా వంక చూచి, "మీరు రెండోవాళ్ళు సార్" అన్నది.

కలం ఆమెకు ఇచ్చి అరచెయ్యి చాచాను. ఆమె సున్న చుట్టింది. కాస్త పెద్దదిగానే చుట్టింది. అప్పటికి సంక్రాంతి ఇంకా మూడు వారాలు ఉన్నది.